డోర్నకల్ పోయిన ఒడిబియ్యం

సుభాషిణి సంచి సర్దడం మొదలై చాలాసేపయింది. సర్దుతున్నది సుభాషిణి కాదు, తల్లి కట్టమ్మ. మేడారం జాతరకని డోర్నకల్ నుంచి పుట్టింటికి వచ్చిన కూతురు ఆ ఆదివారం పొద్దుటి బండికి తిరిగి పోతోంది. సకినాల డబ్బా, జాతర బెల్లం, చింతకాయ తొక్కు, తలనొప్పి గోలీలు, ఉన్ని శాలువా అన్నీ సంచిలోకి దిగాయి. కొడుకు చంద్రమౌళి ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే ఆవిడ ఒక్కొక్కటీ మళ్ళీ లోపల పెడుతోంది.

"అమ్మా, అది డోర్నకల్ పోతాంది, దుబాయ్ గాదు. ఈ ఎండల శాలువ ఎందుకే?"

"నీకేం తెల్సురా. సంచి బరువుంటే మనిషి మనల్ని మర్సిపోదు," అంది కట్టమ్మ.

ఎవరు గడప దాటినా ఆవిడకు గుండె దడే. పక్క వీధికి కూరగాయలకు పోయిన మనిషి కూడా తిరిగొచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినపడేదాకా ఆవిడ కుదురుగా కూర్చోదు. అందుకని ఆడబిడ్డను సాగనంపడంలో ఏ లోటూ జరగకూడదు, ముఖ్యంగా ఒడిబియ్యంలో. పుట్టింటి నుంచి కదిలే ఆడపిల్ల ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు పోసి పంపాలి. అత్తింటికి పోయాక వాటిని వండి ఇరుగుపొరుగుకు పెట్టాలి. ఒడి నిండకుండా పంపితే పుట్టింటికి మాట వస్తుంది. డోర్నకల్‌లో ఆ మాట పుట్టించడానికి వియ్యపురాలు రాజక్క సిద్ధంగా ఉంది. పెళ్ళిలో పప్పుచారు పలచనయిందని ఆ మహాతల్లి ఇప్పటికీ పండక్కొకసారి గుర్తు చేస్తుంది.

ముత్తయిదువ పోయాలి కనుక కోడలు పద్మలత పట్టుచీర కట్టుకుని పీట దగ్గర నిలబడింది. కట్టమ్మ వంటింట్లో బియ్యం కొలుస్తోంది. తీరా చూస్తే డబ్బా అడుగు కనపడింది. వరంగల్ మట్టెవాడలో సగం మందికి బియ్యం అమ్మే చంద్రమౌళి ఇంట్లోకి బియ్యం తేవడం మరిచిపోయాడు. వాకిట్లో ఆటో అతను హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

కట్టమ్మ అటూ ఇటూ చూసి ఫ్రిజ్ తెరిచింది. కూరగాయల వెనక ఒక స్టీలు డబ్బా, అందులో పాలిష్ పట్టని సన్న బియ్యం. కొత్త సంవత్సరం నుంచి పద్మలత ఒళ్ళు తగ్గాలని ఏవేవో తింటోంది కదా, అవే అయి ఉంటాయనుకుంది. కోడలి ముడిబియ్యం కొన్ని ఆడబిడ్డ ఒడిలో పడితే తప్పేముంది? డబ్బా మొత్తం పళ్ళెంలో గుమ్మరించి, నెయ్యి చుక్క వేసి, పసుపు దట్టంగా కలిపింది. ఏ గింజ ఏదో తేడా తెలియలేదు. ఆవిడ కళ్ళకు శుక్లాలు ఉన్నాయి కనుక పసుపు కలపకపోయినా తెలిసేది కాదు.

పద్మలత దోసిళ్ళతో ఒడి నింపింది. సుభాషిణి కళ్ళు తుడుచుకుంది. ఆటో కదిలింది. కట్టమ్మ డబ్బా కడిగి బోర్లించింది.

మంగళవారం పొద్దున పద్మలత కాలేజీకి తయారై ఫ్రిజ్ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"అత్తమ్మా, కూరగాయల ఎనుక స్టీలు డబ్బ ఉండె. ఏది?"

"గా నీ డైటు బియ్యమా? సుభ ఒడిల తక్కువవడ్డయని కలిపిన. నువ్వే పోస్తివి గదనే."

పద్మలత వంటింటి బండల మీద అట్లాగే కూర్చుండిపోయింది. కాలేజీకి కట్టుకున్న ఇస్త్రీ చీర సంగతి కూడా చూసుకోలేదు.

"అవి డైటు బియ్యం గాదు. గరికసన్నాలు."

ఆ పేరు వినగానే కట్టమ్మ కూడా ఎదురుగా కూర్చుంది. గరికసన్నాలంటే ఆవిడ పుట్టినూరి వడ్లు. చిన్నప్పుడు ఆవిడ తల్లి వాటినే వండేది. తర్వాత కొత్త వడ్లు వచ్చాయి, ఇవి ఎవరూ వేయకుండా పోయాయి. మొన్నటేడు తమ్ముడి ఇంట్లో అటక మీద మూతి కట్టిన ఒక కుండ దొరికితే అందులో కాసిని మిగిలాయి. మళ్ళో చల్లితే ఒక్కటీ మొలవలేదు. పద్మలత హనుమకొండలో ఒక కాలేజీ ల్యాబులో టిష్యూ కల్చర్ మీద పరిశోధన చేస్తోంది. "మట్టిల లేవకున్నా సీసాల లేపుత" అని అత్తగారికి మాట ఇచ్చింది. గింజ మొన దగ్గర ప్రాణం దాక్కుని ఉంటుందట. పొట్టు తీసి, శుద్ధి చేసి, చక్కెరా మందులూ వేసి గడ్డకట్టించిన జిగురు మీద పెడితే ఆ మొన ఉబ్బి తెల్లటి ముద్దవుతుందట. ఆ ముద్దను ఇంకో సీసాలోకి మార్చి వెలుతురు చూపిస్తే పచ్చటి మొలకలు లేస్తాయట. కట్టమ్మ ఇదంతా పురాణం విన్నట్టు విన్నది. మొదటి విడత సీసాలకు బూజు పట్టినప్పుడు కోడలి కంటే ఎక్కువ ఏడ్చింది.

"నీ దగ్గరున్నయి వడ్లు గదా బిడ్డా. నేను పోసినయి బియ్యమాయె," అంది ఆశగా.

"పొట్టు తీస్తేనే సీసాల పెట్టొస్తది. మిషన్ల వేస్తే మొన ఇరుగుతది. గందుకే కూసోని ఒక్కొక్కటి గోటితోని వలిచిన."

"అన్ని వలిచినవా?"

"అన్ని. కుండల ఇగ గింజ లేదు."

"పసుపు గూడ కలిపితినే తల్లీ!"

"పసుపుకు ఫికర్ లేదు. ఎట్లాగూ మందునీళ్ళల్ల కడుగుతం. అన్నం వండితేనే ఖతం."

చంద్రమౌళి దుకాణం నుంచి పరుగున వచ్చి, "గింత దానికి పరేషాన్ ఎందుకు? చెల్లెకు ఫోన్ చేసి వాపస్ పంపుమని చెప్త," అన్నాడు.

కట్టమ్మ ఫోను మీద చెయ్యి వేసి ఆపింది. "ఒడిల పోసింది మళ్ల అడుగుతరారా ఎవలన్న? అదేమన్న చేబదులా? పుట్టింటోళ్ళు ఒడిబియ్యం వాపస్ అడిగిండ్లంటే రాజక్క వదినె డోర్నకల్ టేషన్ల మైకు పెట్టి చెప్తది. నా బిడ్డ అక్కడ తలెత్తుకోని తిరగాలె."

"సరే, అడుగ. వండిండ్రా లేదా అని తెల్సుకుంట అంతే."

స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"చెల్లె, మంచిగున్నవా? ఒడిబియ్యం వండిండ్రా?"

"లేదన్నా, రేపు పెట్టుకున్నం. ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే బియ్యం గురించి ఎవలడుగుతరు?"

చంద్రమౌళి వ్యాపారి. ఇరుక్కున్నప్పుడు నోటికి ఒకటే సంగతి వస్తుంది. "ఏం లేదే, బియ్యం రేటు పెరిగింది. గందుకు యాదికొచ్చింది," అన్నాడు.

 ఫోన్లో వెనకనుంచి రాజక్క గొంతు గిన్నె పడేసినట్టు మోగింది. "ఏందే సుభా? ఒడిల పోసిన బియ్యానికి మీ అన్న రేటు చెప్తాండా? ఏదీ, ఆ మూట ఇటు తే. ఏం బంగారం పోసిండ్లో సూస్త!"

ఫోన్ కట్టయింది.

"ఇగ పోవుడే," అంది కట్టమ్మ.

పథకం పద్మలతది. దుకాణంలోని మేలైన సన్నబియ్యం అంతే కొలత తీసుకుని పసుపు కలపాలి. సుభాషిణి మరిచిపోయిన ఉన్ని శాలువా ఇవ్వడానికి వచ్చామని చెప్పాలి. ఆ శాలువాను చంద్రమౌళి సంచి అడుగు నుంచి దొంగచాటుగా తీసి దాచడం వల్ల అది నిజంగానే ఇంట్లో మిగిలిపోయింది. కట్టమ్మ రాజక్కను మాటల్లో పెట్టాలి. పద్మలత వంటింట్లో మూటలు మార్చాలి. తెచ్చిన బియ్యంతో వాళ్ళు శుభంగా విందు చేసుకుంటారు.

బుధవారం పొద్దుటి బండికి ముగ్గురూ బయలుదేరారు. గూడ్సుబండికి దారి ఇవ్వడానికి వాళ్ళ బండిని మధ్యలో ఆపేశారు. పక్క పట్టాల మీద డోర్నకల్ వైపు నుంచి ఒక బండి వరంగల్లుకు దూసుకుపోయింది. కట్టమ్మ అందులో పోయేవాళ్ళందరూ క్షేమంగా చేరాలని అలవాటుగా దండం పెట్టింది.

డోర్నకల్ రైల్వే క్వార్టర్ల వరుసలోకి తిరగగానే నెయ్యి వాసన ఎదురొచ్చింది. సుభాషిణి వాళ్ళ వరండాలో బంతి కూర్చుని ఉంది. విస్తళ్ళలో అన్నం పొగలు కక్కుతోంది. గ్యాంగ్‌మన్‌గా రిటైరైన పొరుగాయన ఉప్పలయ్య ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు.

పద్మలతకు పథకం గుర్తుకు రాలేదు. చేతిలో సంచి వదిలేసి పరుగెత్తింది.

"ఆగుండ్రి! తినకుండ్రి! గవి ల్యాబు బియ్యం!"

వదిలేసిన సంచి మెట్టుకు తగిలి మూతి ఊడింది. పసుపు బియ్యం వరండా నిండా పారాయి. కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకి లాక్కున్నారు.

"ఓరి దేవుడా, ఇంకిన్ని తెచ్చిండ్లు!" అన్నారెవరో.

"ల్యాబు బియ్యమంటే ఏందమ్మా?" అని పక్కింటి కళావతి అడిగింది.

"సీసాల పెట్టి పెంచేటియి..."

"మందులు గిట్ల కలిపిండ్రా?"

"లేదు లేదు, మందులు ఇంక ఎయ్యలే. ఈ వారం ఎయ్యాలె," అంది పద్మలత నిజాయితీగా.

'ఇంక' అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. 'మందులు' అన్న మాట వరస చివరిదాకా పోయింది. కళావతికి కళ్ళు తిరిగాయి. ఆమెను చూసి ఇద్దరికి కడుపులో తిప్పింది. ఎవరో అంబులెన్స్‌కు ఫోన్ చేశారు, ఎవరో స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న అల్లుడు ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశారు. అతను ఎర్రజెండా చంకలో పెట్టుకుని వచ్చి ఎవర్ని ఆపాలో తెలియక నిలబడ్డాడు. కట్టమ్మ వరండా స్తంభాన్ని పట్టుకుని, "బిడ్డ కాపురం కూలింది, అవ్వ వడ్లు ఉడికినయి," అని రెండింటికీ కలిపి ఏడ్చింది.

ఉప్పలయ్య ఒక్కడే కదలలేదు.

"కాకా, లెవ్వు! అంబులెన్స్ వచ్చింది!" అన్నాడు ఓంప్రకాశ్.

"పప్పుచారు ఇంక పొయ్యనే లేదు, ఏడికి లేసేది? సచ్చేదే ఉంటే కడుపునిండ తినే సస్త. అమ్మా సుభాషిణీ, జర ఇటు పొయ్యి."

దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ అందర్నీ వరసగా కూర్చోబెట్టింది.

"ఏం తిన్నరు?"

"అన్నం, పప్పుచారు, వంకాయ కూర, పరమాన్నం," అన్నాడు ఉప్పలయ్య సంతోషంగా.

"ఇప్పుడు ఏమయితాంది?"

"ఏం గాలే."

"మరెందుకొచ్చిండ్రు?"

"బండి వచ్చింది గదా బిడ్డా. వట్టిగ పంపుడెందుకని."

ఈ లోపల పద్మలత అన్నం గుండిగలో గరిటె పెట్టి అడుగుదాకా తిప్పింది. అన్నం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఒక్క ముడిగింజ లేదు.

"సుభా, ఇందుల ముడిబియ్యం ఉండాలె, ఏమైనయి?"

"అయ్యో వదినా, అవా? నిన్న అన్న ఫోన్ చేసినంక మా అత్తమ్మ మూట ఇప్పి సూసింది. 'పాతబియ్యం కలిపి అంటగట్టిండ్లు' అని అద్దాలు పెట్టుకోని పొద్దుమూకేదాక ఏరింది. తెల్లయి వండుమన్నది."

"ఏరినయి ఏం చేసింది?"

"నాకేం తెల్సు? పొద్దుగాలనే బండెక్కిపోయింది. ఎటు పోతానవంటే చెప్పలే."

పద్మలత పెరట్లోకి చూసింది. ఎవరివో నాలుగైదు కోళ్ళు తృప్తిగా మెడలు సాచి తిరుగుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ నిలబడింది. చంద్రమౌళి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "వద్దు పద్మా. కోళ్ళ కడుపులకెల్లి లేపే సైన్సు ఇంక రాలే," అన్నాడు. ఆమె నవ్వలేదు. కట్టమ్మ కొడుకు వీపు మీద ఒకటి వేసింది.

అప్పుడు కట్టమ్మ ఫోన్ మోగింది. మట్టెవాడ నుంచి ఎదురింటి మల్లక్క.

"కట్టమ్మా, యాడున్నవే? మీ వియ్యపురాలు వచ్చి మీ అరుగు మీద కూసున్నది. మీ ఇంటికి తాళముంటే బజారంత పిలిచి పంచాయితీ చెప్తాంది. ఒక టిఫిన్ డబ్బల బియ్యం సూపెడుతాంది. గిసొంటియి పోస్తరా అని ఒగటే లొల్లి..."

పద్మలత ఫోన్ గుంజుకుంది. "మల్లక్కా! నీ కాళ్ళు మొక్కుత, ఆమెను యాడికి పోనియ్యకు! చాయ్ పోయి, అన్నం పెట్టు, ఏమన్న చెయ్యి!"

"ఆమె యాడికి పోతది? నేనే పొమ్మంటే గూడ పోతలేదు."

సాయంత్రం బండి దిగి ముగ్గురూ ఆటోలో మట్టెవాడ చేరేసరికి అరుగు ముందు పది మంది గుమిగూడి ఉన్నారు. రాజక్క మధ్యలో కూర్చుంది. ఒక చేతిలో సాసర్లో చాయ్, ఒళ్ళో టిఫిన్ డబ్బా. పొద్దుటినుంచీ చెప్పిందే చెప్పడంతో మాటలు బాగా కుదిరాయి.

"రాండ్రి, రాండ్రి! మా ఇంటికే పోయిండ్లటగా? నేనింట్ల లేంది సూసి పోయిండ్లా? ఇగో, సూడుండ్రి నలుగురు. బియ్యం దుకాణమోళ్ళు! ఆడపిల్ల ఒడిల పోసిన బియ్యం! కోళ్ళకేసినా తినయి!"

కట్టమ్మ ఆటో దిగింది. దారి పొడుగునా అనుకున్న క్షమాపణలు ఒక్కటీ నోటికి రాలేదు. ఆవిడ నేరుగా పోయి రాజక్క రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. పద్మలత అరుగు కింద మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా మూత తీసింది. గోరంత పసుపు అంటిన గింజలు అన్నీ ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురులో పట్టుకుని చూసింది, ఇంకొకటి చూసింది.

"అత్తమ్మా! ఒక్కదాని మొన గూడ ఇరగలే!"

"ఇరుగుతె ఎట్ల? నలుగుర్ల సూపెట్టేటిది," అంది రాజక్క. అంతలోనే అనుమానం వచ్చి సాసర్ కింద పెట్టింది. "ఏందిది? నేను తిడుతాన. తిడుతాంటె దండం పెడుతరేంది? మీకేమన్న అయిందా?"

కట్టమ్మ దాచుకోకుండా మొత్తం చెప్పింది. తల్లి వడ్ల సంగతి, అటక మీది కుండ, డైటు బియ్యమనుకోవడం, వాపస్ అడగడానికి భయపడడం, శాలువా అబద్ధం, ఉప్పలయ్య ఎక్కిపోయిన అంబులెన్స్. అంబులెన్స్ దగ్గర గుమిగూడినవాళ్ళు నవ్వారు. రాజక్క నవ్వలేదు. డబ్బాలోకి చాలాసేపు చూసింది.

"నాకు భయపడి అడుగలేదా?"

"అవును వదినె."

"అడుగుతె ఏమందును?"

"తిడుదువు."

"తిడుదును," అని ఒప్పుకుంది రాజక్క. "తిట్టి ఇద్దును గదనే పిచ్చిదానా. మీ అవ్వ తిన్న బియ్యమంటే ఎవలన్న వండుకుంటరా? నేను కోపంల ఏరకుంటే ఇయి ఏమైపోవు?" అంటూ డబ్బాను రెండు చేతులతో పద్మలత ఒళ్ళో పెట్టింది. "తీస్కోపో బిడ్డా. సీసల్నే పెడతవో, పీపల్నే పెడతవో. అన్నమైననాడు నన్ను పిలువాలె. పప్పుచారు మాత్రం చిక్కగ చెయ్యుండ్రి."

ఆ పూట కట్టమ్మ ఆవిడను తినకుండా కదలనివ్వలేదు. చంద్రమౌళి స్టేషన్‌దాకా పోయి బండెక్కించాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ కూడా రాజక్క అతనికి బియ్యం రేటు గురించి ఏదో చెబుతూనే పోయింది.

గింజలను మందునీళ్ళలో కడిగితే పసుపు దిగిపోయింది. చాలావాటిలో ప్రాణం లేదు. కొన్నింటిలో ఉంది. ఫాల్గుణం వెళ్ళేలోపు పద్మలత అత్తగారిని ల్యాబుకు తీసుకుపోయి, చెప్పులు విప్పించి, అద్దాల అవతలి సీసాలు చూపించింది. జిగురు మీద గింజ మొన దగ్గర పలచని పసుపురంగు ముద్దలు నురగలా కూర్చుని ఉన్నాయి. ఇది వరి ఎట్లా అవుతుందో కట్టమ్మకు అర్థం కాలేదు. ఎండలు ముదిరాక మళ్ళీ చూపించినప్పుడు ఆ ముద్దల మీద ఆవగింజంత పచ్చచుక్కలున్నాయి. ఆ తర్వాత ఒకనాడు సీసా మూత కింద గరికలాంటి ఆకులు తలలు వంచి నిలబడ్డాయి. కట్టమ్మ సీసా మీద వేలు పెట్టి, "అవ్వా," అని మాత్రం అంది.

వానల్లో ఆ మొక్కలు కుండీల్లోకి మారాయి. వాటికి బయటి గాలి కొత్త. అందుకని మొదట ప్లాస్టిక్ కవర్లు కప్పి, రోజుకింత తెరిచి అలవాటు చేశారు. బడికి కొత్తగా పోయే పిల్లల్లా కొన్ని వాడాయి, కొన్ని తట్టుకున్నాయి. తట్టుకున్నవి డాబా మీద పొదలుకట్టి, ఆశ్వయుజంలో పొట్టకొచ్చి, కార్తీకంలో కంకులు వంచాయి. విత్తనానికి తీయగా ఒక చిన్న గిన్నెడు బియ్యం వంటకు మిగిలాయి.

ఆ గిన్నె ముందు కూర్చుని కట్టమ్మ ఎవరికి దండం పెట్టాలో తేల్చుకోలేకపోయింది. గోటితో ఒలిచిన కోడలికా, నోరుజారిన కొడుక్కా, ఏ కుండలో ఏముందో ఎరగని తమ్ముడి అటకకా? చివరికి అందరికీ కలిపి ఒకసారి, వియ్యపురాలి కోపానికి విడిగా ఒకసారి పెట్టింది. ఆ ఒక్క కోపం లేకపోతే తన తల్లి అన్నం డోర్నకల్ వరండాలో ఉప్పలయ్య పప్పుచారుతో ముగిసిపోయేది. బియ్యం నానపోసి, పప్పుచారు చిక్కగా కాచింది.

ఆ అన్నానికి పిలవాల్సిన రాజక్క మళ్ళీ మట్టెవాడకు రాలేదు. అంతకు ముందు వారమే, కార్తీక సోమవారం పొద్దున, డోర్నకల్‌లో చనిపోయింది. కట్టమ్మ మొదటి విస్తరి ఆవిడ పేరునే వేసింది.